ఒక్క ‘క’

జూన్ 3

ఇది మా అమ్మాయి కుట్టుపని కొలతల పుస్తకం. ముందు సగంలో ఎవరెవరి నడుములో, భుజాలో. వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి, రాసుకో అమ్మా అని ఇచ్చింది. రెండో తరగతితో ఆగిపోయినదాన్ని, నా రాత నాకు అర్థమైతే చాలు. ఎవరికీ చూపించను.

ఇవాళ మనవరాలు గుండీని బడి నుంచి తీసుకొస్తుంటే టీచరమ్మ ఆపి నాకొక పని అప్పగించింది. గుండీ ఒకటో తరగతిలోకి వెళ్ళేముందు ఇంట్లో రెండు వారాలు ఆడించాలట. సంచీలో పది వస్తువులు వెయ్యాలి. పిల్ల చూడకుండా చెయ్యి పెట్టి ఒకటి తీసి, దాని పేరు చెప్పి, ఆ పేరులో ముందుగా వచ్చే శబ్దం ఏదో చెప్పాలి. గరిటె అంటే గ. బంతి అంటే బ. సరిగ్గా చెబితే ఆవిడిచ్చిన కాగితాల మీద టిక్కు, లేకపోతే ఇంటూ పెట్టి ఏం చెప్పిందో రాయాలి. అమ్మాయికి మిషను మీంచి లేచే తీరిక లేదు, అల్లుడు పొద్దున్నే బస్సు ఎక్కితే మళ్ళీ దిగేది సాయంత్రమే. కాబట్టి నేనే.

వచ్చేస్తుంటే టీచరమ్మ మళ్ళీ పిలిచి మరీ చెప్పింది. “అమ్మమ్మగారూ, తప్పు చెబితే దిద్దండి. మరీ మరీ చెబుతున్నా, దిద్దండి.”

దిద్దుతాను తల్లీ. దిద్దకపోతే ఏమవుతుందో నాకు తెలిసినంత ఎవరికి తెలుసు?

జూన్ 4

పదింటిలో ఆరు తప్పు.

గరిటె, బంతి, దువ్వెన, మేకు టకటకా చెప్పేసింది. నాకు ఎంత సంతోషం వేసిందో! తర్వాత సబ్బు తీసి “అబ్బు” అంది. మొదట ఏ శబ్దమే అంటే “అ” అంది. తాళం “ఆళం”. కత్తెర “అత్తెర”. చెంచా, టోపీ కూడా అంతే. పలక తీసి “అలక” అంది.

“అలక ఎందుకే, నేనేమన్నాను?” అన్నాను.

పకపకా నవ్వి మళ్ళీ “అలక” అంది. “కాదు” అన్నాను. నవ్వు ఆపి నా మొహంలోకి చూసి ఇంకా గట్టిగా అంది. మళ్ళీ అలకే.

అయిదేళ్ళ పిల్లకి మాట మొదట్లో అక్షరం పలకడం రాదా? ఇన్నాళ్ళూ ఇదే ఇంట్లో, నా ఒళ్ళోనే ఉందే! నేనెలా గమనించలేదు?

జూన్ 5

మళ్ళీ ఆరు. అవే.

జూన్ 7

అమ్మాయితో చెప్పాను. తేలిగ్గా తీసిపారేసింది. “నాతో బానే మాట్లాడుతోంది కదమ్మా.”

“నువ్వు మిషను తొక్కుతూ వింటావు. నేను ఎదురుగా కూర్చుని వింటున్నా.”

ఏదో అంది. దానికి నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడే అలవాటు, సగం మాటలు సూదుల మధ్యే ఉండిపోతాయి. నిన్న “బుద్ధి ఇవ్వమ్మా” అంది. “ఇచ్చాకే కదే పెళ్ళి చేసింది, ఇంకా ఎక్కణ్ణించి తేను?” అన్నాను. సుద్దముక్కట అది అడిగింది, గుడ్డ మీద గీత గీయడానికి. కుర్చీ మీంచి పడేలా నవ్వింది. అల్లుడిది ఇంకో రకం, మీసాల్లోంచి మాట్లాడతాడు. ఈ ఇంట్లో నోరు తెరిచి మాట్లాడేది నేనొక్కదాన్నే. మధ్యలో పిల్లకి మాట ఎలా వస్తుంది?

కెటిల్ కూడా పాడైంది. ఈల వెయ్యడం మానేసింది. నీళ్ళన్నీ ఇగిరి అడుగు మాడింది. కొత్తది తెమ్మంటే అల్లుడు నీళ్ళు పోసి పెట్టి చూసి, “బానే అరుస్తోంది కదత్తయ్యా” అన్నాడు. నా ఒక్కదాని దగ్గరే అరవదు కాబోలు!

జూన్ 9

కొత్త గోల మొదలైంది. తప్పు చెప్పినప్పుడల్లా ఏవో వెర్రి చేష్టలు. నా చెయ్యి లాక్కుని మణికట్టు మీద ఉఫ్ మని ఊదుతుంది. ఒకసారి నా వేలు తీసుకుని తన పెదాల మీద నొక్కుకుంటుంది. ఒకసారి నా గోటితో తన ముందుపన్ను మీద టకటక కొట్టుకుంటుంది. ఒకసారి నా అరచెయ్యి తన గొంతు మీద పెట్టుకుంటుంది. గరిటెకీ బంతికీ ఇవేమీ చెయ్యదు. తప్పు వచ్చినప్పుడే.

రానిది దాచుకోవడానికి వేషాలు వేస్తోందనుకున్నాను. ఇంత చిన్నపిల్లకి ఇన్ని వేషాలు ఎలా తెలిశాయి?

జూన్ 10

ఇవాళ ఊదుతుంటే చెయ్యి మీద ఒక్కటి వేశాను. గట్టిగా కాదు.

గట్టిగానే.

తర్వాత ఒళ్ళో కూర్చోబెట్టుకుని నా సంగతి చెప్పాను. నేను రెండో తరగతిలో ఉండగా పంతులు పుస్తకం చదవమన్నాడు, తడబడ్డాను. ఈ పిల్లకి చదువెక్కదు, మాన్పించెయ్యండి అని మా నాన్నతో అన్నాడు. అంతే, మర్నాటి నుంచి బడి లేదు. “తప్పు చెబితే ఆపేస్తారే. నన్ను ఆపేశారు చూడు. అందుకే జాగ్రత్తగా చెప్పు” అన్నాను.

గుండీ నా గాజులు తిప్పుతూ కూర్చుంది. “నిన్ను మళ్ళీ ఆపుతారా అమ్మమ్మా?” అంది.

“నన్నింకేం ఆపుతారే, ఆగిపోయిన బండిని!” అని నవ్వాను. అది నవ్వలేదు.

జూన్ 11

ఆటలో నాలుగే చెప్పింది. గరిటె, బంతి, దువ్వెన, మేకు. మిగతావి తీసి చేతిలో పట్టుకుని ఊరికే కూర్చుంది.

జూన్ 14

కింద ఇస్త్రీ ఆవిడ నిలేసింది. “ఏం పిన్నిగారూ, రెండు రోజులుగా పిలుస్తున్నా, పక్కనించే వెళ్ళిపోతున్నారు. కోపమొచ్చిందా?”

“నువ్వు పిలిస్తే కదా!”

“ఆహా, ఈ వీధి చివర ఆటో వాళ్ళు కూడా ఆగారు నా అరుపుకి.”

ఈవిడకి ప్రతిదీ గోరంతలు కొండంతలు చేసి చెప్పడం అలవాటు. నేను గుండీ ధ్యాసలో ఉండి ఉంటాను. నిద్రలో కూడా స, ప, త, క అనుకుంటున్నాను. నా నోటికి అన్నీ వస్తున్నాయి. దానికెందుకు రావు?

జూన్ 17

కాగితాలన్నీ పట్టుకెళ్ళి ఇచ్చాను. టీచరమ్మ ఒక్కొక్కటే తిరగేస్తుంటే మొహం మారిపోయింది. “ఇన్ని తప్పులా? క్లాసులో బానే ఉండేదే! కానీ ఒక వారంగా నేనేమడిగినా నోరు విప్పట్లేదు, మిమ్మల్ని అడుగుదామనే అనుకుంటున్నాను” అంది.

అక్కడే నా ముందే పలక చూపించి అడిగింది. గుండీ నా వైపు చూసింది. పెదాలు బిగించేసింది. పలక పక్కన పెట్టి సబ్బు చూపించింది. ఊహూ. నేనే బతిమాలాను, చెప్పవే తల్లీ, ఏదో ఒకటి చెప్పు అని. తల దించుకుని చెప్పు కొనతో నేల గీకుతూ నిలబడింది.

టీచరమ్మ నన్ను పక్కకి పిలిచింది. ఈ ఏడు ఒకటో తరగతికి పంపడం కుదరదేమో అంది. మాట సరిగ్గా రాని పిల్లలకి ఊరి ఆ చివర వేరే బడి ఉందట. ముందు చెవి పరీక్ష చేయించండి, అది చూసి నెలాఖరులోగా తేలుద్దాం అంది.

ఆపడం అన్న మాట ఆవిడ అనలేదు. నాకు మాత్రం అదే వినపడింది. ఇంటిదాకా ఎలా నడిచానో తెలియదు. రోడ్డు దాటించింది గుండీయే, నా వేలు పట్టుకుని.

జూన్ 18

టీచరమ్మ అన్నదంతా అమ్మాయికీ అల్లుడికీ చెప్పాను. అమ్మాయికి కోపమొచ్చింది. “రెండు వారాలుగా నువ్వు దాన్ని కూర్చోబెట్టి కాదు, కాదు అంటుంటే వింటూనే ఉన్నా. దాని నోరు నువ్వే కట్టేశావమ్మా!”

“నేను దిద్దాను. దిద్దమన్నారు, దిద్దాను.”

“అత్తయ్యనేమీ అనకు” అని అల్లుడు దానికి సైగ చేశాడు. అది కూడా చూశాను. కళ్ళు బానే కనిపిస్తాయి నాకు.

జూన్ 20

గుండీ మాట్లాడుతోంది గాని, నేను గదిలోకి వస్తే ఆపేస్తోంది. లేకపోతే నా చెయ్యి పట్టుకుంటుంది.

జూన్ 23

పొద్దుపోయింది. అయినా ఇవాళే రాయాలి.

చెవి పరీక్ష దగ్గరికి అందరం వెళ్ళాం. పరీక్ష చేసే అమ్మాయి మా అమ్మాయి కంటే చిన్నది. గుండీని గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకి పెద్ద డిప్పలు తగిలించింది. శబ్దం వినపడినప్పుడల్లా ఒక రంగు చెక్కముక్క డబ్బాలో వెయ్యాలి. గుండీ వేస్తూనే ఉంది. ఎంత చిన్న శబ్దమైనా వేస్తూనే ఉంది. తర్వాత ఆ అమ్మాయి లోపలికెళ్ళి మాటలు చెబితే తిరిగి చెప్పింది. గాజు అవతల అది నోరు తెరిచి మాట్లాడుతోంది. నేను దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ నిలబడ్డాను.

ఆ అమ్మాయి బయటికొచ్చి, “చెవులు బంగారం. మాట కూడా బంగారమే” అంది.

“మరి ఈ కాగితాలు?” అన్నాడు అల్లుడు.

ఆ అమ్మాయి కాగితాలన్నీ బల్ల మీద పరిచి పెన్సిలుతో సున్నాలు చుట్టడం మొదలుపెట్టింది. చుట్టి చుట్టి, ఆగి, నెమ్మదిగా అంది. “చూడండి. గ, బ, ద, మ ఒక్క రోజూ తప్పలేదు. స, ప, త, క, చ, ట ఒక్క రోజూ కుదరలేదు. ఏ పిల్లా ఇంత వరసగా తప్పు చెప్పదండీ. ఇవి రాసిందెవరు?”

“నేనే” అన్నాను.

నా వైపు చూసింది. ఒక కాగితం తీసి తన నోటికి అడ్డం పెట్టుకుంది. “మామ్మగారూ, నేనొక మాట అంటాను, మీరు మళ్ళీ అనండి.”

గంప అంది. గంప అన్నాను. మేడ అంది. మేడ అన్నాను. ఇంకో రెండు మాటలంది. అల అన్నాను, ఆట అన్నాను.

మా అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ అమ్మాయి అన్నవి కల, పాట అని తర్వాత ఆటోలో చెప్పారు.

నాకు అప్పటికీ అర్థం కాలేదు. కాగితం అడ్డుంటే ఎవరికి సరిగ్గా వినపడుతుంది అన్నాను. మా అమ్మాయి కళ్ళలో నీళ్ళు చూసి, ఏమైందే, పిల్లకేమైంది అన్నాను.

అప్పుడు గుండీ కుర్చీ దిగి పరిగెత్తుకొచ్చింది. నా చూపుడు వేలు తీసుకుని తన పెదాల మీద నొక్కుకుంది. పెదాలు రెండూ కలిసి విడిపోయాయి. నా వేలికి తెలిసింది. ప. పాట.

“ఇదేంటమ్మా?” అని ఆ అమ్మాయి అడిగింది.

గుండీ నాకు వినపడేలా గట్టిగా చెప్పింది. “అమ్మమ్మ చెవికి వినపడదు ఆంటీ. అందుకే చేతికి చెప్తా.”

స అంటే ఊదడం. ప అంటే పెదాలు. త అంటే పన్ను. క అంటే గొంతు. దాని నోరు దాచుకోవడం కాదు అది, నాకు తెరిచి చూపించడం. ఆ చేతి మీదే కొట్టాను నేను.

నాకూ డిప్పలు పెట్టారు, నాకూ చెక్కముక్కలు ఇచ్చారు. ఎంతసేపు కూర్చున్నా డబ్బాలో సగం కూడా నిండలేదు. నన్ను ఆపింది ఎవరో పంతులు. దీన్ని ఆపబోయింది నేను. నా చేత్తో, ఇంటూలు పెట్టి, కింద నా సంతకంతో.

జూన్ 24

కుడి చెవి కొంచెం నయమట. ఇవాళ ఇంతే.

జూన్ 25

మెట్ల మీద కూర్చుని గుండీని అడిగాను. కుడివైపు కూర్చోబెట్టుకున్నాను.

“బళ్ళో ఎందుకు చెప్పలేదే? టీచరమ్మకి చెవులు బానే ఉన్నాయి కదా.”

“నేను కరెక్టుగా చెప్తే నువ్వు రాసింది తప్పవుతుందిగా.”

“అయితే?”

“తప్పు చెబితే ఆపేస్తారన్నావుగా. నిన్ను మళ్ళీ ఆపేస్తారు.”

కింద ఇస్త్రీ ఆవిడ పెట్టె ఎత్తి పట్టుకుని మా వైపే చూస్తోంది. నా ఆగిపోయిన చదువుని మళ్ళీ ఆగనివ్వకూడదని అయిదేళ్ళ పిల్ల నోరు కట్టుకుని కూర్చుంది! వాళ్ళు దాన్నే పంపించేస్తామంటున్నా విప్పలేదు. ఈ మాట ఎన్నిసార్లు రాసినా నాకు నమ్మకం కుదరడం లేదు.

జూన్ 27

బడికి వెళ్ళాం. నేనే చెబుతానని అమ్మాయిని మాట్లాడొద్దన్నాను. ఆటోలో కూర్చుని పదిసార్లు వల్లె వేసుకున్నాను, అక్కడికెళ్ళేసరికి ఒక్కటీ గుర్తు లేదు.

టీచరమ్మ చెవి పరీక్ష కాగితం చదివి, అయోమయంగా చూసి, సరే ఒకసారి విందాం అని సంచీ తెచ్చింది. గుండీ తాళం తీసింది. నా వైపు చూసింది. పెదాలు బిగించింది.

నేను లేచి నిలబడ్డాను. బళ్ళో టీచరు ముందు నిలబడి ఎన్నేళ్ళయింది! అప్పటిలాగే చేతులు కట్టుకున్నాను.

“టీచరమ్మా, ఆ కాగితాల మీద రాసిందంతా తప్పు. పిల్ల సరిగ్గానే చెప్పింది, నేనే కాదు కాదని దిద్దాను. నాకు వినపడదు. తప్పు నాది” అన్నాను.

గుండీ నన్ను కాదు, టీచరమ్మని అడిగింది. “ఆపేస్తారా?”

“ఎవర్ని?”

“అమ్మమ్మని.”

టీచరమ్మ కుర్చీలోంచి కిందికి దిగి నేల మీద కూర్చుంది, దాని ఎత్తుకి. “ఎవర్నీ ఆపం. అమ్మమ్మని రోజూ రమ్మందాం.”

అప్పుడు చెప్పింది. పదికి పది. నేను దాని నోరు చూస్తూ ఉన్నాను, టీచరమ్మ తల ఊపడం చూస్తూ ఉన్నాను. ఒకటో తరగతి పుస్తకాలు ఇవాళే ఇచ్చేశారు.

అంతా అయ్యాక టీచరమ్మ నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా అంది. వినపడలేదు. గుండీ కుర్చీ జరిపి నా కుడివైపుకి రమ్మంది ఆవిణ్ణి. అప్పుడు ఆవిడ గట్టిగా అంది. “చెవి సంగతి మీకు తెలియదు, మీ తప్పేం లేదు. కానీ ఇంతలా ఎందుకు దిద్దారండీ? కాదు కాదు అంటే పిల్లలు నోరు మూసేసుకుంటారు. అందుకే కదా మరీ మరీ చెప్పాను.”

“దిద్దండి అన్నారు. రెండుసార్లు అన్నారు.”

ఆవిడ గబగబా వెళ్ళింది. బీరువాలోంచి ఖాళీ కాగితం ఒకటి తెచ్చింది. పైన చీమల్లాంటి అచ్చు అక్షరాలు, రోజూ ఆ కాగితం మీదే రాశాను గాని అంత చిన్నవి నేనెప్పుడూ చదవలేదు. అమ్మాయి వేలు పెట్టి చూపించింది. ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కున్నాను.

తప్పు చెబితే దిద్దకండి.

ది, ద్ద, కం, డి.

ఒక్క క. ఆవిడ అంది. గాలిలోకి వచ్చింది. నా చెవి దాకా రాలేదు. ఆ ఒక్కటీ వచ్చి ఉంటే గుండీ చేతి మీద దెబ్బ పడేది కాదు.

జూలై 9

నాలుగు రోజులై చెవిలో మిషను పెట్టుకుంటున్నాను. పొద్దున వంటింట్లో ఎవరో చచ్చేట్టు అరుస్తుంటే హడలిపోయి పరిగెత్తాను. కెటిల్. “చెప్పానా అత్తయ్యా!” అన్నాడు అల్లుడు. మీసాల్లోంచే అన్నాడు, అయినా వినపడింది.

చెవుల అమ్మాయి, శబ్దాలు కొత్తగా నేర్చుకోవాలి, రోజూ సాధన చెయ్యండి అంది. గుండీ ఎప్పుడో ఏర్పాటు చేసేసింది. సంచీ దానిది, కాగితం దానిది, పైన నా పేరు వంకరగా రాసింది. నన్ను కళ్ళు మూసుకోమని పది మాటలు చెప్పింది. ఏడు సరిగ్గా చెప్పానట. పలక దగ్గర అలక అన్నాను, మిషను పెట్టుకుని కూడా. తప్పన్న సంగతి దాని మొహం చూసి కనిపెట్టాను.

“కాదు అనవే, ఫరవాలేదు” అన్నాను.

“ఊహూ. దిద్దకూడదు” అంది. నా వేలు పట్టుకుని పెదాల మీద పెట్టుకుని మళ్ళీ మొదటి నుంచి చెప్పింది.

అది నిద్రపోయాక ఈ పుస్తకం మొదటి నుంచి తిరగేశాను. జూన్ 3 దగ్గర టీచరమ్మ మాట నా రాతలోనే ఉంది, రెండుసార్లూ. చించేద్దామనిపించింది. చించలేదు. పెన్ను తీసుకుని ద్దకీ సున్నాకీ మధ్య, పైన, చిన్న క రాశాను. రెండో చోట కూడా రాశాను. ఒక చెయ్యి గొంతు మీద పెట్టుకుని బయటికి చదివాను.

చేతికి వినపడింది.